పట్టు బ్లౌజు మీద దారం కొసలు పైకి లేస్తున్నాయి: ట్రిమ్మింగ్ శుభ్రంగా రావాలంటే ఏం చూసుకోవాలి?

పట్టుఅంచు (ప్రశ్న):

నమస్తే అండీ. సింగిల్ హెడ్, 12 సూదుల కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్. పని ఎక్కువగా రా సిల్క్, పట్టు బ్లౌజుల మీదే. పై దారం 120డి/2 పాలిస్టర్, సూది డీబీఎక్స్‌కే5 75/11, వేగం నిమిషానికి 750 కుట్లు. ఫైళ్లన్నీ బయట కొన్న డీఎస్టీలు (మెషిన్ చదివే డిజైన్ ఫైళ్లు).

ఉదాహరణకి ఒక వెనక మెడ డిజైన్: 26 వేల కుట్లు, 140 ట్రిమ్‌లు (మెషిన్ తనే దారం కోసే చోట్లు). చిన్న చిన్న బుటాలు, మధ్యలో సన్నటి తీగ. అయిపోయాక చూస్తే చాలా బుటాల మొదట్లో 5, 6 మి.మీ. కొస పైనే ఉండిపోతోంది. కొన్నిచోట్ల తెల్ల బాబిన్ దారం (కింది దారం) చుక్కలా పైకి కనిపిస్తోంది. రెండు బుటాల మధ్య 8, 10 మి.మీ. ఎడం ఉన్నచోట ఒకసారి కోస్తోంది, ఒకసారి దారాన్ని ఈడ్చుకుంటూ వెళ్లిపోతోంది. ట్రిమ్ అవగానే సూదిలోంచి దారం ఊడిపోవడం కూడా ఉంది. కత్తెర పట్టుకుని కూర్చుంటే బ్లౌజుకి గంట. దగ్గరగా కోస్తే కుట్టు విడిపోతోంది, వదిలి కోస్తే కొస కనిపిస్తోంది.

కత్తెర మార్చాలా, మెషిన్ సెట్టింగ్ చూడాలా, తప్పు ఫైల్లోనే ఉందా? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

పంచింగ్‌బల్ల:

ఫైలుతో మొదలుపెట్టండి. కత్తెర చివరిమాట.

ఒకసారి కోస్తోంది, ఒకసారి కోయట్లేదు అన్నారు కదా, దాని సంగతి ఇది. డీఎస్టీలో "ఇక్కడ దారం కోయి" అనే ఆదేశం విడిగా ఉండదు. ఒక అడుగులో ఫ్రేమ్ అడ్డంగా గానీ నిలువుగా గానీ గరిష్ఠంగా 12.1 మి.మీ. జరిగేలా మాత్రమే ఆ ఫార్మాట్‌లో రాయగలం. అంతకంటే దూరమైతే రెండు మూడు జంపులుగా (కుట్టు వేయకుండా ఫ్రేమ్ జరగడం) విడగొట్టాలి. మెషిన్ ఆ జంపుల్ని లెక్కపెట్టి, వరసగా ఇన్ని వచ్చాయంటే ట్రిమ్ అని అర్థం చేసుకుంటుంది. ఆ లెక్క ఎంతో ప్యానెల్లో మనమే పెట్టాలి. ఎక్కువమంది 3 పెడతారు.

ఇప్పుడు మీ 8, 10 మి.మీ. ఎడం చూడండి. అది ఒక్క జంపులో పట్టేస్తుంది. పంచింగ్ చేసినవాళ్లు (డిజైన్‌ని కుట్ల ఫైలుగా మార్చినవాళ్లు) అక్కడ ట్రిమ్ పెట్టి ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని కావాలనే మూడు చిన్న జంపులుగా రాస్తుంది, మెషిన్ కోస్తుంది. పెట్టకపోతే ఒక్క జంపే ఉంటుంది, మెషిన్ దారాన్ని ఈడ్చుకుపోతుంది. ఒకే ఫైల్లో రెండు రకాలూ ఉంటే మీరు చెప్పినట్టే జరుగుతుంది. ఫైలు 3 లెక్కతో రాసి ప్యానెల్లో 5 ఉన్నా కోయదు. అలాగని ప్యానెల్లో 1 గానీ 2 గానీ పెట్టేయకండి. అప్పుడు అక్కర్లేని చోటల్లా కోసి పని రెట్టింపు చేస్తుంది.

ఫైలుని సాఫ్ట్‌వేర్లో తెరిచి జంపులు, ట్రిమ్‌లు కనిపించేలా పెట్టుకోండి. విల్‌కామ్ సాఫ్ట్‌వేర్ అయితే కనెక్టర్లు, ఫంక్షన్లు రెండూ ఆన్ చేయాలి. ఏ గీత దగ్గర ట్రిమ్ గుర్తు లేదో తెలిసిపోతుంది. నేను పెట్టుకునే కొలత: పక్కపక్క వస్తువుల (బుటా, ఆకు, రేకు లాంటి విడి భాగాల) మధ్య 1.5 నుంచి 2 మి.మీ. లోపైతే ట్రిమ్ వద్దు, ఆ గీత కంటికి ఆనదు. అంతకు మించి బయటికి కనిపించే ప్రతి జంపుకీ ట్రిమ్ ఉండాల్సిందే. మధ్యస్థంగా వదిలేసిన 4, 5 మి.మీ. జంపులే చేతిపనిలో ప్రాణం తీసేవి. కత్తెర కొన దూరదు, వదిలేస్తే కనిపిస్తుంది.

ఇక ట్రిమ్‌ల సంఖ్య. 26 వేల కుట్లకి 750 వేగంతో సుమారు 35 నిమిషాలు. ట్రిమ్ అంటే వేగం తగ్గాలి, కోయాలి, ఫ్రేమ్ జరగాలి, లాక్ (దారం విడిపోకుండా వేసే చిన్న కుట్లు) వేయాలి, మళ్లీ వేగం అందుకోవాలి. ఒక్కోదానికి 7 సెకన్లు వేసుకున్నా 140కి 16 నిమిషాలు. పైగా ప్రతి ట్రిమ్‌కీ ఆగినచోట ఒక కొస, మొదలైనచోట ఒక కొస. అంటే 280 చోట్ల కొస బయటపడే అవకాశం ఉంది. మీరు చెప్పిన డిజైన్ తీగ, బుటాలే కాబట్టి సగానికి సగం తగ్గించవచ్చు.

పద్ధతి ఏంటంటే, తీగ మొదలు నుంచి చివరి దాకా సన్నటి రన్నింగ్ కుట్టుతో, 2 నుంచి 2.5 మి.మీ. పొడవుతో వెళ్లిపోవాలి. తిరిగి వచ్చేటప్పుడు సాటిన్ (అటూ ఇటూ దగ్గరగా పడే నిండు కుట్టు) వేసుకుంటూ రావాలి. దారిలో ఆకు తగిలితే పక్కకి వెళ్లి, ఆకు పూర్తి చేసి, మళ్లీ తీగలోకి వచ్చేయాలి. వెళ్లిన రన్నింగ్ అంతా సాటిన్ కింద దాగిపోతుంది. ఎక్కడా తెంపక్కర్లేదు. ఒక పువ్వులో ఐదు రేకులుంటే ప్రతి రేకూ పువ్వు మధ్యలో మొదలై మధ్యలోనే ముగిసేలా పెట్టండి. ఒక రేకు ముగింపు, పక్క రేకు మొదలు ఒకే చోట పడతాయి. మధ్య గుండ్రం ఆఖర్న వేస్తే ఆ కుట్లన్నిటినీ కప్పేస్తుంది.

లాక్ గురించి కొంచెం గట్టిగానే చెప్తాను, ఎందుకంటే కొన్న ఫైళ్లలో ఎక్కువ తప్పు ఇక్కడే ఉంటుంది. ఆకు కొనలో మొదలుపెట్టి ఆకు కొనలోనే లాక్ వేస్తారు. దారం కొస మీసంలా బయటికి పొడుచుకొస్తుంది, దాన్ని ఏ కత్తెరా దాచలేదు. మొదలు గానీ ముగింపు గానీ కొనకి 2, 3 మి.మీ. లోపల, సాటిన్ వెడల్పు మధ్యలో ఉండాలి. 0.7 నుంచి 1 మి.మీ. పొడవున్న మూడు కుట్లు చాలు. 0.3, 0.4 మి.మీ. అంత చిన్నవి వేస్తే ఒకే కన్నంలో ముడి గట్టిపడి దారం తెగుతుంది. లాకే లేని ఫైలైతే మీరన్నట్టు దగ్గరగా కోయగానే విడిపోతుంది. అది మీ చేతి తప్పు కాదు.

డీఎస్టీలో వస్తువుల సమాచారం ఉండదు, కుట్లే ఉంటాయి. అందుకని దాన్ని సరిదిద్దడం కుట్టు కుట్టుగా చేసే పని. ఫైలు కొనేటప్పుడే ఈఎంబీ (వస్తువులుగా మార్చుకోగలిగే విల్‌కామ్ అసలు ఫైలు) కూడా అడగండి. ఇవ్వకపోతే ట్రిమ్‌ల సంఖ్య, లాక్ ఉందో లేదో చూసి కొనండి. కుట్ల సంఖ్య ఒక్కటే చూసి కొనడం వల్ల ఇదంతా వస్తోంది.

హుక్‌సెట్:

పైన చెప్పినదంతా సరే గానీ, తెల్ల చుక్కలు, దారం ఊడిపోవడం రెండూ మెషిన్ వైపువే. ఫైలు ఎంత బాగున్నా ఇవి పోవు.

ముందు బాబిన్. కేసులో బాబిన్ పెట్టి దారం కొస పట్టుకుని వేలాడదీయండి. తనంతట తాను జారకూడదు. చేతిని చిన్నగా ఒక కుదుపు కుదిపితే 2, 3 సెం.మీ. దిగి ఆగాలి. టెన్షన్ (దారం బిగువు) కొలిచే గేజ్ ఉంటే 18 నుంచి 22 గ్రాములు. సర్రున కిందికి దిగిపోతుంటే లూజు. పై దారం లాగిన ప్రతిసారీ బాబిన్ పైకి వచ్చేస్తుంది, అదే మీ తెల్ల చుక్క. స్క్రూ తిప్పే ముందు కేసు మీద ఉన్న పల్చటి స్ప్రింగ్ రేకు కింద పెళ్లికార్డు అంచు లాంటి గట్టి కాగితం దూర్చి లాగండి. అక్కడ చిన్న నూగు ఇరుక్కుంటే చాలు, స్క్రూ సరిగ్గా ఉన్నా టెన్షన్ పడిపోతుంది. శుభ్రం చేశాక కూడా లూజుంటేనే స్క్రూ, అదీ పావు తిప్పు కంటే తక్కువ.

తర్వాత పై దారం. పాలిస్టర్‌కి 100 నుంచి 120 గ్రాముల దాకా. గేజ్ లేకపోతే సాటిన్‌ని తిప్పి చూడండి. వెనక వెడల్పులో మధ్య మూడో వంతు తెలుపు, రెండు పక్కలా పై దారం రంగు ఉండాలి. తెలుపు అసలు లేకపోతే పై దారం లూజు, వెనకంతా తెలుపే ఉంటే పై దారం బిగువు. 12 సూదులకీ ఒక్కోటి విడిగా చూడాలి. ఒక సూది సరిచేసి అన్నీ అయిపోయాయనుకోవద్దు.

సూదిలోంచి ఊడిపోవడానికి కారణం, కోశాక సూది కన్నం తర్వాత మిగిలే దారం పొట్టిగా ఉండటం. మొదటి కుట్టుకి టేకప్ లివర్ (దారాన్ని పైకి లాగే మీట) పైకి లేవగానే ఆ పొట్టి కొస కన్నంలోంచి బయటికి వచ్చేస్తుంది. ప్యానెల్లో ట్రిమ్ తర్వాత మిగిలే దారం పొడవుకి సెట్టింగ్ ఉంటే ఒక మెట్టు పెంచండి. మరీ పెంచితే మాత్రం మీరు చెప్పిన 5, 6 మి.మీ. కొస పైన పడుకునే సమస్య ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఊడిపోకుండా ఉండే అతి తక్కువ పొడవు దగ్గర ఆపాలి. సెట్టింగ్ ముట్టుకునే ముందు ఇంకో రెండు చూడండి: పై టెన్షన్ బిగువుగా ఉందా, దారం కోన్ అడుగు గాడిలో దారం చిక్కుకుని లాగుతోందా. ఒక్క రంగుకే ఊడుతుంటే సమస్య ఆ సూది దారిలోనే ఉంటుంది, అన్ని రంగులకీ ఊడుతుంటే సెట్టింగ్‌లో. ట్రిమ్ తర్వాత మొదటి రెండు మూడు కుట్లు నెమ్మదిగా వేసే సెట్టింగ్ ఉంటే అదీ ఆన్ చేయండి.

కొస పైన ఉండిపోవడానికి ఇంకో కారణం, కోసిన దారాన్ని పైకి లాగి పట్టుకునే చోటు. అక్కడ వెల్క్రో లాంటి గరుకు పట్టీ ఉంటుంది. నూగు నిండిపోతే అది దారాన్ని పట్టుకోదు. కొస పాదం కింద ఇష్టం వచ్చినట్టు పడి, మొదటి కుట్లలో ఇరుక్కుంటుంది, లేదా కిందికి పోయి గుత్తి కడుతుంది. పట్టీని బ్రష్‌తో గీకండి, అరిగిపోతే మార్చండి.

కత్తులు: కరెంటు ఆపి, నీడిల్ ప్లేటు స్క్రూలు విప్పి, కదిలే కత్తి, కదలని కత్తి మధ్య నూగంతా బ్రష్‌తో బయటికి తీయండి. గాలి కొట్టే గొట్టంతో లోపలికి ఊదితే నూగు హుక్ (బాబిన్ చుట్టూ తిరుగుతూ పై దారాన్ని పట్టే భాగం) వెనక్కి పోయి కూర్చుంటుంది. ఇప్పుడు పై దారం ఒక పోగు, బాబిన్ దారం ఒక పోగు కలిపి కత్తి కొక్కేనికి తగిలించి చేత్తో కత్తిని వెనక్కి తిప్పండి. రెండూ ఒకేసారి నున్నగా తెగాలి. ఒకటి తెగి ఒకటి నలిగితే, తెగినచోట పీచులా విచ్చుకుంటే కత్తి మొండిబారింది. కదలని కత్తి ఒత్తిడి కొంచెం పెంచి చూడండి, అయినా కాకపోతే రెండూ జతగా మార్చండి. కొత్త కత్తికి పాత కత్తి జతపడదు. పీచుగా తెగిన కొస సూదిలోంచి సాఫీగా దిగదు, పైన బొచ్చులా నిలబడుతుంది. దాన్ని చూసి చాలామంది దారం నాసిరకం అనుకుంటారు.

రోజూ పని మొదలుపెట్టేటప్పుడు హుక్‌కి ఒక్క చుక్క నూనె వేసి, పాత గుడ్డ మీద కాసేపు కుట్టించాకే పట్టు ఎక్కించండి.

వంపుకత్తెర:

చేతి ట్రిమ్మింగ్ గురించి నేను చెప్తాను. పైవి రెండూ సరిచేసినా 20, 30 కొసలు మిగులుతాయి, వాటిని తీసే తీరులోనే పని అందం ఉంది.

పనిముట్లు మూడు. కొన వంపు తిరిగిన నాలుగు అంగుళాల సన్న కత్తెర ఒకటి. ఫ్రేమ్ లోపల కోయడానికి పిడి దగ్గర కూడా వంపున్న కత్తెర, దీనివల్ల చెయ్యి ఫ్రేమ్ అంచుకి తగలకుండా పైన ఉంటుంది. సన్న కొన ట్వీజర్. టైలర్లు వాడే స్ప్రింగ్ ట్రిమ్మర్ వెనకవైపుకి బాగుంటుంది, ముందువైపు వద్దు. దాని కొన ఎటు పోతోందో కనిపించదు, పట్టుకి చిల్లు పడేది దానితోనే. లైటు పై నుంచి కాకుండా పక్క నుంచి పడాలి. అప్పుడు లేచిన ప్రతి కొసకీ నీడ పడుతుంది, వెతుక్కోనక్కర్లేదు.

ఫ్రేమ్‌లోంచి తీయకముందే ముందువైపు కోసేయండి. గుడ్డ బిగువుగా ఉంటుంది కాబట్టి కత్తెర కింద ముడత పడి తెగదు. ఫ్రేమ్‌ని మెషిన్ నుంచి దింపి బల్ల మీద పెట్టుకోండి. మధ్యలో, అంటే ఇంకా రంగులు ఉండగా కోయాల్సి వస్తే మెషిన్ పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి, ఫ్రేమ్ మీద మోచెయ్యి ఆనించకూడదు. అది ఒక్క మిల్లీమీటరు జరిగినా తర్వాతి రంగు అవుట్‌లైన్ పక్కకి పోతుంది. ఈ మధ్యలో కోయడం ఎప్పుడు తప్పదంటే, ఒక రంగు జంప్ దారం మీదుగా తర్వాతి రంగు కుట్టు వెళ్లబోతున్నప్పుడు. ఒకసారి కుట్టేశాక కింద ఇరుక్కున్న ఎర్ర దారం తెల్ల సాటిన్‌లోంచి కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని లాగితే పైనున్న కుట్టూ వస్తుంది. అలాంటి చోట ఫైల్లోనే స్టాప్ పెట్టుకోండి.

కోసే తీరు: పొడవాటి జంప్ దారాన్ని ముందు నడిమధ్య తెంపండి. ఇప్పుడు రెండు కొసలు వచ్చాయి. ఒక కొసని ట్వీజర్‌తో నిటారుగా పైకి పట్టుకోండి, లాగకండి. లాగితే సాటిన్ చివరి రెండు మూడు కుట్లు బిగిసి ముడత పడుతుంది, కోసిన వెంటనే ఆ దారం వెనక్కి జారి లాక్ లోపలికి పోతుంది. కత్తెర వంపు గుడ్డ మీద ఆని, కొనలు ఆకాశం వైపు ఉండాలి. కొన కిందికి ఉంటే ఏదో ఒక రోజు పట్టు తెగుతుంది. కత్తెర కొన దగ్గర 4, 5 మి.మీ. భాగంతోనే కోయండి. నోరంతా తెరిస్తే పక్క కుట్టు కూడా పడుతుంది.

ఎంత వదలాలి? ముందువైపు ఒక మిల్లీమీటరు. పూర్తిగా సున్నాకి కోయకండి. మూడు చిన్న కుట్ల లాక్ మీద ఆధారపడిన కొస అది, ఉతికితే జారుతుంది. ఆ మిల్లీమీటరుని మొద్దు కొన సూదితో సాటిన్ అంచు కిందికి నెట్టండి, కనిపించదు. వెనకవైపు 4, 5 మి.మీ. వదిలినా లైనింగ్ కప్పేస్తుంది. కానీ లేత రంగు పట్టుకి వెనక మెరూన్, ముదురాకుపచ్చ దారాలు పొడుగ్గా వదిలితే వెలుతురులో ముందుకి నీడలా కనిపిస్తాయి, అక్కడ 2 మి.మీ.కి తగ్గించండి.

వరస మాత్రం మార్చొద్దు: ముందు పైవైపు, తర్వాత వెనక దారాలు, ఆఖర్న పేపర్ (గుడ్డ వెనక దన్నుగా పెట్టేది). పేపర్ ముందే చింపితే దానితో పాటు బాబిన్ కొసలు కూడా లాగబడి లాక్ వదులవుతుంది. చింపేటప్పుడు బొటనవేలితో కుట్టుని నొక్కిపట్టి, కుట్టు వైపుకే చింపండి.

పొరపాటున సాటిన్ కుట్టు తెగితే, ఫ్రేమ్ ఇంకా తీయలేదు కాబట్టి మెషిన్‌ని ఆ బుటా మొదటికి వెనక్కి తీసుకెళ్లి దాని మీదే మళ్లీ కుట్టించవచ్చు. ముందు తెగిన కొసల్ని వెనక్కి లాగేయండి. ఫ్రేమ్ తీసేశాక అయితే అదే రంగు దారంతో చేత్తో సరిచేయడమే దారి. అందుకే ఫ్రేమ్‌లో ఉండగానే కోయమనేది.

పట్టుఅంచు:

ఇంత వివరంగా చెప్పినందుకు ముగ్గురికీ ధన్యవాదాలండీ. ప్యానెల్ చూశాను, జంపుల లెక్క 5 ఉంది. ఇంకో రెండు సందేహాలు. జరీ దారం కొసలు కోసినా మళ్లీ నిలబడుతున్నాయి, మెడ దగ్గర గుచ్చుకుంటోందని కస్టమర్లు అంటున్నారు. కొందరు అగరబత్తితో చివర కాల్చమంటున్నారు, చేయొచ్చా? ఆర్గంజా మీద వెనక కూడా కనిపిస్తుంది కదా, అక్కడ ఎలా?

జరీపోగు:

కాల్చొద్దండీ. ఎంబ్రాయిడరీ జరీలో ఎక్కువగా ఉండేది లోహపు పూత వేసిన పల్చటి ప్లాస్టిక్ పొర, లోపల దారం. వేడి తగిలితే పొర ముడుచుకుని నల్లబడి గట్టి గుండులా అవుతుంది, అది కొస కంటే ఎక్కువ గుచ్చుకుంటుంది. అగరబత్తి నిప్పు పట్టు మీద ఒక్కసారి రాలితే బ్లౌజు పోయినట్టే. పాలిస్టర్ దారానికైతే కరెంటుతో వేడెక్కే సన్న కొన పనిముట్లు ఉన్నాయి, కొస కరిగి కుంచించుకుపోతుంది. కానీ విస్కోస్ (రేయాన్) దారం కరగదు, కాలుతుంది. మీది ఏదో తెలియాలంటే ఒక ముక్క విడిగా వెలిగించి చూడండి. కాగితం వాసనతో బూడిదైతే విస్కోస్, ముడుచుకుని గట్టి పూసలా అయితే పాలిస్టర్. అయినా మెడ దగ్గర ఆ పూస కూడా చర్మానికి తగులుతుంది కాబట్టి వేడి పద్ధతి లైనింగ్ కింద పడే చోట్లకే.

జరీ బిరుసు కాబట్టి లాక్‌లో కుదురుగా కూర్చోదు, జారుతుంది. ఫైల్లో జరీ వస్తువులకి లాక్ కుట్లు 1 మి.మీ. దాకా పెంచి, వీలైతే సాటిన్ పొడవు వెంట పెట్టండి. వేగం 500, 600కి తగ్గించండి. సూది 80/12 గానీ 90/14 గానీ, కన్నం పెద్దది ఉండాలి. చిన్న కన్నంలో రాసుకుని పొర లేచిపోతే కోసిన చోట విచ్చుకుంటుంది. పై టెన్షన్ పాలిస్టర్ కంటే తగ్గించాలి. జరీ ట్రిమ్‌లు ఎంత తక్కువైతే అంత మంచిది, పైన చెప్పిన రన్నింగ్‌తో వెళ్లి సాటిన్‌తో రావడం జరీకే ఎక్కువ పనికొస్తుంది.

నిలబడిన జరీ కొసని పైన కోయడం ఆపేయండి, వెనక్కి లాగండి. సన్నటి చేతి సూదిలోకి దారం రెండు కొసలూ కలిపి ఎక్కిస్తే చివర ఉచ్చు మిగులుతుంది. జరీ కొస మొలిచిన చోటే, సాటిన్ అంచుని ఆనుకుని సూది కిందికి గుచ్చండి. సూది వెనక్కి లాగేముందు ఉచ్చులోకి జరీ కొసని ట్వీజర్‌తో దూర్చండి. ఇప్పుడు సూది లాగితే ఉచ్చుతో పాటు కొస వెనక్కి వెళ్లిపోతుంది. దీనికి కనీసం 8, 10 మి.మీ. కొస ఉండాలి, అందుకే జరీ కొసలు ముందే పొట్టిగా కోయకూడదు. వెనక 5 మి.మీ. వదిలి కోయండి.

గుచ్చుకోవడానికి మందు: వెనక ట్రిమ్మింగ్ అంతా అయ్యాక మెత్తటి అతుక్కునే ఫ్యూజింగ్ ముక్కని డిజైన్ కంటే ఒక సెంటీమీటరు ఎక్కువగా కోసి, అంచులు గుండ్రం చేసి, తక్కువ వేడి మీద వెనక అతికించండి. బ్లౌజుని మందపాటి టవల్ మీద బోర్లా పెట్టి వెనక నుంచే ఇస్త్రీ చేయాలి. చిన్నపిల్లల లంగా జాకెట్లకి ఇది తప్పనిసరిగా చేయండి. లైనింగ్ ఒక్కటే ఆ మెడకి చాలదు.

ఇంకొకటి, జరీకి విడిగా ఒక కత్తెర కేటాయించండి. అదే కత్తెరతో తర్వాత మామూలు దారం కోస్తే నున్నగా తెగదు.

తెరచాటు:

ఆర్గంజా గురించి. ఇక్కడ పంచింగ్‌బల్ల గారి సలహా ఉన్నదున్నట్టు పనికిరాదని నా అభిప్రాయం. పట్టు మీద సాటిన్ కింద రన్నింగ్ దాగుతుంది నిజమే. ఆర్గంజా మీద సాటిన్ 1.5 మి.మీ. వెడల్పే ఉంటే కింద రన్నింగ్ అంచులోంచి తొంగిచూస్తుంది, వెలుతురుకి పెడితే వెనక గీత కనిపిస్తుంది. ట్రిమ్‌లు తగ్గించాలన్న ఆశతో ఒక బుటా నుంచి ఇంకో బుటాకి ఖాళీ గుడ్డ మీదుగా రన్నింగ్ వేయడం అసలే కుదరదు. ఇక్కడ ట్రిమ్‌లు ఎక్కువే అవుతాయి, ఆ సమయాన్ని ముందే ధరలో కలుపుకోవాలి.

బాబిన్ తెల్లది వద్దు, పై దారం రంగే బాబిన్‌కి చుట్టండి. రంగు మారినప్పుడల్లా బాబిన్ మార్చడం విసుగే, కానీ వెనక కొస కనిపించినా కలిసిపోతుంది. పేపర్ బదులు నీళ్లలో కరిగే పొర వాడండి. పేపర్ ముక్కలు సాటిన్ అంచుల్లో తెల్లగా మిగిలిపోతాయి. వెనక కొసలు కూడా ముందువైపులాగే 1, 2 మి.మీ.కి కోయాలి, అదీ పొర కరిగించకముందు, గుడ్డ ఇంకా గట్టిగా ఉన్నప్పుడే. తడిశాక ఆర్గంజా వేళ్లకి అంటుకుని కత్తెరలోకి వచ్చేస్తుంది.

నెట్ మీదైతే లాక్ కుట్లు కన్నంలో పడితే పట్టు దొరకదు, పొర కరగగానే కొస ఊడుతుంది. లాక్ ఎప్పుడూ సాటిన్ దట్టంగా ఉన్న చోటే పడాలి.

పంచింగ్‌బల్ల:

తెరచాటు గారు చెప్పింది సరైనదే. నేను చెప్పింది మందమైన గుడ్డకే. ఆర్గంజా ఫైలు విడిగా చేసుకోవాలి, పట్టు ఫైలునే దాని మీద ఎక్కించకూడదు. రన్నింగ్ దాచాలంటే సాటిన్ కనీసం 2 మి.మీ. ఉండాలి, రన్నింగ్ సరిగ్గా నడిమధ్య పోవాలి.

ఇంటిమెషిన్:

ఒకే సూది ఉన్న ఇంటి మెషిన్ వాళ్ల కోసం ఒక మాట. వాటిలో కొన్ని రంగు అయిపోయాక మాత్రమే కోస్తాయి, మధ్యలో జంపులు కోయవు. అలాంటప్పుడు మొదట్లో దారం కొసని చేత్తో వదులుగా పట్టుకుని 4, 5 కుట్లు వేయించి, ఆపి, కొసని దగ్గరగా కోసి, మళ్లీ నడపండి. అలా చేయకపోతే ఆ కొస కిందికి పోయి గుత్తి కడుతుంది, లేదా పైనే కుట్టులో కలిసిపోతుంది. జంపు దారాలు రంగు మార్చే ప్రతిసారీ కోసేయండి, చివరిదాకా దాచుకోవద్దు.

పట్టుఅంచు:

ప్యానెల్లో 3 పెట్టి, వెల్క్రో పట్టీ శుభ్రం చేసి అదే డిజైన్ కాటన్ గుడ్డ మీద వేశాను. బుటాల మధ్య ఈడ్చుకుపోవడం చాలాచోట్ల ఆగింది. తీగ చివర రెండు చోట్ల మాత్రం ఇంకా కోయట్లేదు.

పంచింగ్‌బల్ల:

ఆ రెండు చోట్లా ఫైల్లోనే ట్రిమ్ లేదు. సాఫ్ట్‌వేర్లో తీగ చివరి కుట్టు మీద పెట్టి ట్రిమ్ చేర్చండి. దానికి ముందు లాక్ ఉందో లేదో చూడండి, లేకపోతే 0.8 మి.మీ. కుట్లు మూడు వేసి ఆ తర్వాతే ట్రిమ్ పెట్టండి. సేవ్ చేసేటప్పుడు డీఎస్టీ సెట్టింగ్‌లో కూడా ట్రిమ్‌కి 3 జంపులే ఉండాలి. మార్చిన ఫైలుకి కొత్త పేరు పెట్టుకోండి, పాతది పెన్‌డ్రైవ్‌లోంచి తీసేయండి.